వెనక్కి తిరిగిన విమానం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి మాకు అందిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి గురించి వచ్చాయి. బయలుదేరిన కొద్దిసేపటికే యంత్రంలో లోపం తలెత్తి, ఎక్కిన చోటికే తిరిగి వచ్చే విమానాల గురించి చాలామంది అడిగారు. అందువల్ల తక్కిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి, శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఒకే అర్థం వచ్చే ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను కొంత కుదించి ఇచ్చాము.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు పసిబిడ్డతో గల్ఫ్‌కు వెళ్తుండగా, విమానం ఎగిరిన పావుగంటకే ఏదో లోపం ఉందని చెప్పి, ఊరి చుట్టూ రెండు గంటలకు పైగా తిప్పి, ఆ తరువాత బయలుదేరిన విమానాశ్రయంలోనే దింపారట. లోపం ఉందని తెలిసిన విమానాన్ని వెంటనే దింపకుండా అంతసేపు గాలిలో ఉంచడం ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటం కాదా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, ఆ రెండు గంటలూ మీ అమ్మాయి ఎంత బెంగపడి ఉంటుందో ఊహించగలము. అయినా ఇక్కడ చెలగాటం ఆడింది ఎవరూ లేరనే చెప్పాలి. విమానం ఎంత బరువుతో నేలను విడవవచ్చు, ఎంత బరువుతో తిరిగి నేలను తాకవచ్చు అన్నవి రెండు వేర్వేరు పరిమితులు. రెండవది సాధారణంగా మొదటిదానికన్నా తక్కువ. మన దేశం నుంచి గల్ఫ్‌కు నడిచే సర్వీసులలో తరచుగా కనిపించే బోయింగ్ 737-800నే తీసుకుంటే, అది గరిష్ఠంగా సుమారు 79 టన్నుల బరువుతో పైకి లేవవచ్చు. దిగేటప్పుడు మాత్రం సుమారు 66 టన్నులకు మించకూడదు. మధ్యనున్న 13 టన్నుల తేడా మామూలు ప్రయాణంలో ఎవరికీ పట్టదు, ఎందుకంటే గమ్యం చేరేసరికి ఇంధనం ఖర్చయిపోయి విమానం దానంతటదే తేలికపడుతుంది. నాలుగు గంటల ప్రయాణానికి ఇంధనం నింపుకున్న విమానం పావుగంటకే వెనక్కి రావలసి వస్తే ఆ బరువంతా దానితోనే ఉంటుంది. నిండు బస్తా భుజాన వేసుకుని మెట్లు దిగే మనిషి మోకాళ్ళ మీద పడే భారం వంటిదే అప్పుడు చక్రాల మీద, బ్రేకుల మీద పడుతుంది. ఆగడానికి కావలసిన రన్‌వే పొడవు కూడా పెరుగుతుంది.

ఇంధనాన్ని గాలిలో వదిలేయవచ్చు కదా అని మరికొందరు అడిగారు. బోయింగ్ 747, 777, ఎయిర్‌బస్ ఏ380 వంటి పెద్ద విమానాలలో రెక్కల నుంచి ఇంధనాన్ని బయటికి పారబోసే ఏర్పాటు ఉంటుంది. మన దేశీయ మార్గాలలోనూ గల్ఫ్ మార్గాలలోనూ ఎక్కువగా తిరిగే 737, ఏ320 రకాలలో ఆ ఏర్పాటు లేదు. వాటికి ఉన్న మార్గం ఒక్కటే, ఇంజిన్లు నడుపుతూ ఇంధనాన్ని తగలబెట్టడం. ఈ రకం విమానం గంటకు సుమారు రెండున్నర టన్నుల ఇంధనం తాగుతుంది. తక్కువ ఎత్తులో, చక్రాలు దించి ఎగిరితే అది ఇంకా పెరుగుతుంది. గరిష్ఠ బరువుతో లేవని విమానం తగ్గించుకోవలసినది ఆ 13 టన్నుల కన్నా తక్కువే కాబట్టి, రెండు గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో దీనిని బట్టి మీకే తెలుస్తుంది.

2024 అక్టోబర్ 11న తిరుచిరాపల్లి నుంచి షార్జా బయలుదేరిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 737 విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. హైడ్రాలిక్ వ్యవస్థలో, అంటే ద్రవపు ఒత్తిడితో చక్రాలను, బ్రేకులను నడిపే ఏర్పాటులో, లోపం ఉందని తేలాక, 140 మందికి పైగా ప్రయాణికులతో అది దాదాపు రెండున్నర గంటలు చక్కర్లు కొట్టి, మామూలుగానే దిగింది. ఆ సాయంత్రమంతా టీవీ తెరల మీద దాని దారిని గీతలు గీసి చూపిస్తూ, దిగగలదా లేదా అని ఊపిరి బిగబట్టించారు. విమానంలోని సిబ్బంది మాత్రం అత్యవసర పరిస్థితిని ప్రకటించనే లేదని, బరువు తగ్గించుకోవడానికే ముందుజాగ్రత్తగా తిరిగారని ఆ సంస్థ ఆ తరువాత తెలిపింది. అదే ఏడాది జూన్ 20న అర్ధరాత్రి దాటాక శంషాబాద్ నుంచి కౌలాలంపూర్ బయలుదేరిన మలేషియా ఎయిర్‌లైన్స్ 737-800 కూడా ఒక ఇంజిన్‌లో సమస్య రావడంతో వెనక్కి తిరిగి, కొంతసేపు గాలిలోనే ఉండి, తెల్లవారుజామున శంషాబాద్‌లోనే క్షేమంగా దిగింది.

తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి లాస్ ఏంజిలిస్ ఉదంతం ఉంది. 2020 జనవరి 14న అక్కడి నుంచి షాంఘై బయలుదేరిన డెల్టా సంస్థ 777, ఒక ఇంజిన్ మొరాయించడంతో వెంటనే వెనక్కి మళ్ళింది. ఇంధనం వదలడానికి ఆగుతారా అని నేల మీది నుంచి విమానాలకు దారి చూపే కంట్రోలర్ అడిగితే అవసరం లేదని పైలట్లు జవాబిచ్చారు. తీరా రన్‌వే వైపు దిగుతూ, చాలా తక్కువ ఎత్తులో, ఇళ్ళ మీదా బడుల మీదా ఇంధనాన్ని వదిలారు. ఆటస్థలాలలో ఉన్న పిల్లలు, ఉపాధ్యాయులు తడిసి, చర్మం మంటతో, కళ్ళ మంటతో బాధపడ్డారు. తగినంత ఎత్తులో, జనావాసాలకు దూరంగా వదిలితే ఇంధనం నేలను చేరేలోపే చాలావరకు ఆవిరైపోతుంది. నిర్దేశించిన ప్రాంతానికి వెళ్ళి వదలాలన్న నియమం ఉన్నది అందుకే.

అలాగని బరువు పరిమితి దాటిన విమానం దిగనే కూడదని కాదు. ప్రమాదం తరుముకొస్తుంటే పైలట్ ఎంత బరువుతోనైనా దించవచ్చు. ఆ తరువాత చక్రాల కాళ్ళను, రెక్కల అతుకులను ప్రత్యేకంగా తనిఖీ చేయాలి, అంతే. ఆగవచ్చా, ఆగకూడదా అన్నది లోపాన్ని బట్టి ఉంటుంది. మీ అమ్మాయి ప్రయాణంలో మాకు తప్పుగా తోచింది ఒకే ఒక్కటి: అంతసేపు ఎందుకు తిప్పుతున్నారో క్యాబిన్‌లో ఎవరూ సరిగా చెప్పకపోవడం. రెండు వాక్యాల ప్రకటన, అది కూడా ప్రయాణికుల భాషలో చేసి ఉంటే, మీ ఉత్తరంలో ఆ కోపం ఉండేది కాదు.

ప్రశ్న: సింగపూర్ దగ్గర ఒక ఏ380 విమానం ఇంజిన్ గాలిలోనే పేలిపోయినా, అది దాదాపు రెండు గంటల తరువాత క్షేమంగా దిగిందని మా అధ్యాపకులు చెప్పారు. అంత పెద్ద నష్టం జరిగాక అంతసేపు ఎలా ఎగరగలిగింది? అసలు ఆ లోపం ఎక్కడ పుట్టింది? (మెకానికల్ ఇంజినీరింగ్ విద్యార్థి, విశాఖపట్నం)

జవాబు: మీరు అడిగినది క్వాంటాస్ 32వ నంబరు సర్వీసు గురించి. వెనక్కి తిరిగి వచ్చిన విమానాల చరిత్రలో ఇంత వివరంగా పరిశోధించినవి తక్కువ, కాబట్టి దీనిని కొంత విస్తారంగానే చెబుతాము.

2010 నవంబర్ 4 ఉదయం, 440 మంది ప్రయాణికులు, 29 మంది సిబ్బందితో ఈ విమానం సింగపూర్‌లోని చాంగీ నుంచి సిడ్నీకి బయలుదేరింది. నాలుగు నిమిషాలు గడిచి, ఇండోనేషియాకు చెందిన బాతం దీవి మీదుగా సుమారు 7,000 అడుగుల ఎత్తులో ఉండగా, ఎడమ రెక్క లోపలి వైపున్న రెండవ ఇంజిన్ నుంచి రెండు పెద్ద చప్పుళ్ళు వినిపించాయి. ఆ రోల్స్ రాయిస్ ట్రెంట్ 900 ఇంజిన్ లోపల, విపరీతమైన వేగంతో తిరిగే టర్బైన్ డిస్క్ ఒకటి ముక్కలై, ఇంజిన్ తొడుగును చీల్చుకుని బయటికి దూసుకొచ్చింది. ఇంజిన్ ఆగిపోవడం వేరు, ఇలా పగిలి ముక్కలు బయటికి రావడం వేరు. ఊడిన ఫ్యాన్ రెక్కనైతే లోపలే ఆపగలిగేలా ఇంజిన్ తొడుగును తయారు చేస్తారు గానీ, టర్బైన్ డిస్క్ ముక్కలను ఆపగల తొడుగు లేదు. ఆ ముక్కలు రెక్కను చీల్చి, ఇంధనపు తొట్లకు చిల్లులు పెట్టి, వందలాది విద్యుత్ తీగలను తెంచి, బాతంలోని ఇళ్ళ మధ్య పడ్డాయి. అదృష్టవశాత్తు కింద ఎవరికీ గాయాలు కాలేదు.

కాక్‌పిట్‌లో ఆ రోజు ఇద్దరు కాదు, ఐదుగురు పైలట్లు ఉన్నారు. కెప్టెన్ రిచర్డ్ డి క్రెస్పిన్యీ, ఆయన సహపైలట్, ఒక సెకండ్ ఆఫీసర్‌తో పాటు, ఆయన పనితీరును పరీక్షించడానికి వచ్చిన ఒక చెక్ కెప్టెన్, ఆ చెక్ కెప్టెన్‌కు శిక్షణ ఇస్తున్న మరొక సీనియర్ కెప్టెన్ కూడా ఉన్నారు. అది కాకతాళీయమే అయినా ఎంతో పనికొచ్చింది. ఏ380లో ఏ వ్యవస్థ చెడినా, ఏం చేయాలో దశలవారీగా తెర మీద చూపించే కంప్యూటర్ ఉంటుంది. ఆ ఉదయం అది ఒక దాని వెంట ఒకటిగా హెచ్చరికలు కురిపిస్తూనే ఉంది: హైడ్రాలిక్స్, విద్యుత్తు, బ్రేకులు, ఇంధనం, రెక్కల అంచులలోని కదిలే పలకలు. చాంగీ కంట్రోలర్లకు విషయం తెలిపి, సముద్రం మీద విమానాశ్రయానికి అందుబాటులోనే చక్కర్లు కొడుతూ, ఆ హెచ్చరికలన్నిటినీ ఒక్కొక్కటిగా పరిష్కరించడానికి వారికి సుమారు 50 నిమిషాలు పట్టింది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. మిగిలిన మూడు ఇంజిన్లు తిరుగుతున్నాయి, విమానం చెప్పినట్టు వింటోంది, మంటలు లేవు. అటువంటప్పుడు ఆ విమానంలో ఏవి పనిచేస్తున్నాయో, ఏవి చేయడం లేదో తెలుసుకోకుండా రన్‌వే వైపు పరుగెత్తడమే అసలు ప్రమాదం. పోయినవాటి జాబితా అంతు లేకుండా పెరుగుతుంటే, ఒక దశలో తాను ఆ లెక్క మానేసి, ఇంకా మిగిలి ఉన్నవేమిటో చూసుకోవడం మొదలుపెట్టానని కెప్టెన్ ఆ తరువాత చెప్పారు. మిగిలినవి కొన్నే. రెక్కల ముందంచు పలకలు తెరుచుకోవు, కాబట్టి మామూలు కన్నా ఎక్కువ వేగంతో దిగాలి. రెక్కల పైన గాలిని అడ్డుకునే పలకలలో కొన్ని పనిచేయవు. ఏ380లో గాలిని ముందుకు తోసి వేగం తగ్గించే ఏర్పాటు లోపలి ఇంజిన్లు రెండింటికే ఉంటుంది, వాటిలో ఒకటి పేలిపోయింది. బ్రేకులు కొంత మేరకే పనిచేస్తాయి. చక్రాలను హైడ్రాలిక్ శక్తితో కాక, వాటి సొంత బరువుతో కిందికి జారవిడవాలి. ఇంధనాన్ని పారబోసే ఏర్పాటు కూడా చెడిపోవడంతో, దిగవలసిన గరిష్ఠ బరువు కన్నా 40 టన్నులకు పైగా అదనపు బరువుతోనే దిగక తప్పదు.

వీటన్నిటినీ కంప్యూటర్‌లో వేసి, ఆగడానికి ఎంత రన్‌వే కావాలని అడిగితే అది మొదట లెక్క తేల్చలేకపోయింది. వివరాలను సరిచేసి మళ్ళీ అడిగితే, 4,000 మీటర్ల రన్‌వేలో చివర సుమారు 100 మీటర్లు మిగులుతుందని చెప్పింది. దిగేముందు, చక్రాలు దించి, వేగం తగ్గించి, విమానం ఎంతవరకు అదుపులో ఉంటుందో ఎత్తులోనే పరీక్షించి చూసుకున్నారు. ఉదయం 11.46కు విమానం నేల తాకి, రన్‌వే చివరికి సుమారు 150 మీటర్ల ముందు ఆగింది. బ్రేకులు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాయి, నాలుగు టైర్లలో గాలి పోయింది, ఎడమ రెక్క నుంచి ఇంధనం ధారగా కారుతోంది, తీగలు తెగిపోవడం వల్ల ఒకటవ ఇంజిన్ ఎంత ప్రయత్నించినా ఆగడం లేదు. అగ్నిమాపక సిబ్బంది గంటల తరబడి నీళ్ళు, నురుగు చిమ్మిన తరువాతే అది ఆగింది.

అందరి దృష్టీ పేలుడు మీదే ఉంటుంది గానీ, మా మటుకు మాకు ఆ రోజు తీసుకున్న అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం విమానం ఆగిన తరువాతే జరిగిందనిపిస్తుంది. తలుపులు తెరిచి, గాలితో ఉబ్బే జారుడు బల్లల మీదుగా అందరినీ వెంటనే దింపేయాలా? అలా దిగేటప్పుడు కాళ్ళు విరగడం, ఒళ్ళు గీరుకుపోవడం సాధారణం. పైగా కింద ఇంధనపు మడుగు, కణకణలాడే బ్రేకులు, తిరుగుతున్న ఇంజిన్ ఉన్నాయి. లోపల మంట లేదు, పొగ లేదు. అందరినీ లోపలే కూర్చోబెట్టి, ఇంధనం మీద నురుగు పరిపించి, సుమారు 50 నిమిషాల తరువాత కుడివైపు ఒకే ఒక్క తలుపుకు నిచ్చెన మెట్లు ఆనించి, వరుసగా దింపారు. 469 మందిలో ఒక్కరికీ గాయం కాలేదు. ఏ క్షణాన పరిస్థితి మారినా జారుడు బల్లలు వాడడానికి సిబ్బంది తలుపుల దగ్గర సిద్ధంగా నిలబడే ఉన్నారు.

ఇక లోపం పుట్టుక. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ 2013 జూన్‌లో ప్రచురించిన తుది నివేదిక ప్రకారం, ఇంజిన్ లోపలి బేరింగులకు నూనె అందించే ఒక పొట్టి గొట్టమే మూలకారణం. ఆ గొట్టంలో లోపలి వైపున తొలిచిన రంధ్రం మధ్య నుంచి కొద్దిగా పక్కకు జరగడంతో, గొట్టం గోడ ఒకవైపు ఉండవలసినదానికన్నా పలచబడింది. మెకానికల్ విద్యార్థిగా మీకు తరువాతి కథ సులభంగానే అర్థమవుతుంది. పదేపదే పడే ఒత్తిడికి పలచని చోట పగులు పుట్టి, క్రమంగా పెరిగి, ఆ ఉదయం అక్కడి నుంచి వేడి నూనె చిమ్మి అంటుకుంది. ఆ మంట వేడికి టర్బైన్ డిస్క్ తన ఇరుసుతో ఉన్న బంధం తెంచుకుని, అదుపు లేని వేగంతో తిరిగి పగిలిపోయింది. కొలతలో తేడా ఉన్న గొట్టాలు అదే రకం ఇతర ఇంజిన్లలోనూ ఉన్నాయని తనిఖీలలో బయటపడింది. క్వాంటాస్ తన ఏ380లన్నిటినీ మూడు వారాలకు పైగా నేల మీదే ఉంచింది. దెబ్బతిన్న విమానానికి సింగపూర్‌లోనే, సుమారు 13.9 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల ఖర్చుతో మరమ్మతు చేసి, 2012 ఏప్రిల్‌లో తిరిగి ప్రయాణికుల సేవలోకి తెచ్చారు.

ప్రశ్న: విమానం వెనక్కి వచ్చిన ప్రతిసారీ మన పత్రికలు ‘తృటిలో తప్పిన పెనుప్రమాదం’ అని శీర్షిక పెడతాయి. నిజంగానే ప్రతిసారీ తృటిలోనే తప్పుతుందా? (విశ్రాంత ఉపాధ్యాయులు, కరీంనగర్)

జవాబు: మాస్టారూ, లేదు. చాలాసార్లు ఆ శీర్షిక, దాని కింద ఉన్న వార్తతోనే పొసగదు. రెండు ఇంజిన్ల విమానాన్ని అనుమతించే ముందే, పైకి లేచే అత్యంత క్లిష్టమైన క్షణంలో ఒక ఇంజిన్ ఆగిపోయినా మిగిలినదానితో ఎత్తుకు ఎక్కి తిరిగి వచ్చి దిగగలదని నిరూపించి తీరాలి. రన్‌వే మీద ఒక నిర్దిష్ట వేగం దాటాక ఇంజిన్ ఆగితే, పైలట్ బ్రేకు వేయడు, పైకే లేస్తాడు. సిమ్యులేటర్‌లో, అంటే నేల మీద ఉండే నకలు కాక్‌పిట్‌లో, పైలట్లు క్రమం తప్పకుండా సాధన చేసే పాఠం ఇది. 2021 ఫిబ్రవరి 20న డెన్వర్ నుంచి హోనలులు బయలుదేరిన యునైటెడ్ సంస్థ 777లో ఫ్యాన్ రెక్క ఒకటి విరిగి, ఇంజిన్ ముందుభాగపు తొడుగు ఊడి, పక్కనున్న ఊరి ఇళ్ళ ముంగిట పడింది. కిటికీలోంచి మండుతున్న ఇంజిన్‌ను ప్రయాణికులు తీసిన వీడియో ప్రపంచమంతా చూసింది. అయినా 241 మందితో ఆ విమానం అరగంటలోపే డెన్వర్‌లో మామూలుగా దిగింది.

‘అత్యవసర పరిస్థితి ప్రకటించారు’ అన్న మాట కూడా ఇలాగే భయపెడుతుంది. పైలట్ చేసే ప్రకటనలో రెండు మెట్లు ఉన్నాయి. ప్రాణాపాయం ముంచుకొస్తే ‘మేడే’, అంత తీవ్రం కాకపోయినా వెంటనే సహాయం కావలసి ఉంటే ‘పాన్ పాన్’. పైన చెప్పిన క్వాంటాస్ విమానం ఇచ్చినది రెండవదే. మన విమానాశ్రయాలలో ‘ఫుల్ ఎమర్జెన్సీ’ అని ప్రకటించగానే ఫైరింజన్లు, అంబులెన్సులు రన్‌వే పక్కన బారులు తీరుతాయి. అవి ముందుజాగ్రత్తకు వచ్చినవి. వాటి ఫోటో వేసి కింద ‘పెనుప్రమాదం’ అని రాయడం పాఠకుడిని తప్పుదారి పట్టించడమే. ఈ విషయంలో మా పత్రికా వృత్తి తలదించుకోవలసిందే.

అయితే తృటిలో తప్పినవి అసలే లేవని అనలేము. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్‌లో, సుమారు 16,000 అడుగుల ఎత్తున, తలుపు స్థానంలో బిగించిన పలక ఊడిపోయి గోడలో పెద్ద రంధ్రం పడింది. దానిని పట్టి ఉంచవలసిన నాలుగు బోల్టులను కర్మాగారంలో తిరిగి బిగించనే లేదని పరిశోధకులు తేల్చారు. ఆ రంధ్రం పక్క సీట్లు ఆ రోజు ఖాళీగా ఉండడం, ఇంకా ఎత్తుకు చేరకపోవడం వల్ల అందరూ ప్రాణాలతో తిరిగి వచ్చారు. అటువంటిదానికి ఆ శీర్షిక పెట్టండి, తప్పు లేదు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాము. ఏటా హైదరాబాద్ వస్తూ పోతూ ఉంటాము. లోపం వస్తే బయలుదేరిన చోటికే వెనక్కి రావడం మంచిదా, ముందున్న మరో విమానాశ్రయంలో దిగడం మంచిదా? ఈ నిర్ణయం ఎవరిది? (ఒక పాఠకుడు, అమెరికా)

జవాబు: నిర్ణయం కెప్టెన్‌ది. సంస్థ కార్యాలయం సలహా ఇస్తుంది, కంట్రోలర్ దారి చూపుతాడు. కానీ చివరి మాట ఆయనది లేదా ఆమెది. వెనక్కి రావడంలో సౌకర్యాలు ఉన్నాయి. అక్కడి రన్‌వే, వాతావరణం తెలిసినవి, మరమ్మతు సిబ్బంది, విడిభాగాలు, మరో విమానం, ప్రయాణికులకు హోటళ్ళు అక్కడే దొరుకుతాయి. చిన్న లోపమైతే మూడు గంటలు ముందుకు వెళ్ళాక కూడా వెనక్కి రావడం మీరు వినే ఉంటారు. సముద్రం మీద ఎగిరే రెండు ఇంజిన్ల విమానాలకైతే, ఒక్క ఇంజిన్‌తో నిర్ణీత సమయంలో చేరుకోగల విమానాశ్రయం దారి పొడుగునా ఎప్పుడూ ఒకటి ఉండాలన్న నియమం ఉంది.

పొగ, మంట విషయంలో మాత్రం సౌకర్యాల మాట ఎత్తకూడదు. 1998 సెప్టెంబర్ 2న న్యూయార్క్ నుంచి జెనీవా వెళ్తున్న స్విస్ ఎయిర్ 111వ సర్వీసు కాక్‌పిట్‌లో పొగ వాసన గమనించి, కెనడాలోని హాలిఫాక్స్ వైపు మళ్ళింది. ఇంధనం వదలడానికి సముద్రం వైపు తిరుగుతుండగా మంటలు వ్యవస్థలను ఒక్కొక్కటిగా తినేశాయి. 229 మందీ మరణించారు. నేరుగా వెళ్ళినా మంటలు వారిని రన్‌వే దాకా చేరనిచ్చేవి కావని కెనడా పరిశోధకులు తేల్చారు. అయినా ఆ తరువాత విమాన సంస్థలు, ఆరని పొగ కనిపిస్తే జాబితాలూ బరువూ పక్కనపెట్టి దిగే ప్రయత్నం ముందు మొదలుపెట్టాలని పైలట్లకు మరింత గట్టిగా నేర్పసాగాయి. తెనాలి పాఠకురాలికి చెప్పిన జవాబును దీనితో కలిపి చదువుకోవాలి.

వెనక్కి తిరగడమే కుదరని సందర్భం కూడా ఉంది. 2009 జనవరి 15న న్యూయార్క్ లగార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ ఏ320 రెండు ఇంజిన్లనూ పక్షులు దెబ్బతీశాయి. యంత్రలోపం కాకపోయినా, దాని పాఠం ఇక్కడ వర్తిస్తుంది. ఆ క్షణానే మలుపు తిప్పి ఉంటే లగార్డియా చేరగలిగేదని సిమ్యులేటర్ పరీక్షలలో తేలింది. అయితే ఏం జరిగిందో గ్రహించి నిర్ణయించుకోవడానికి మనిషికి పట్టే 35 సెకన్లను లెక్కలో చేర్చగానే ఆ ప్రయత్నం విఫలమైంది. కెప్టెన్ హడ్సన్ నదిని ఎంచుకున్నారు. 155 మందీ బతికారు.

ప్రశ్న: విమానం వెనక్కి వచ్చి, మమ్మల్ని రాత్రంతా టెర్మినల్‌లో కూర్చోబెట్టారు. మాకు ఏ హక్కులూ లేవా? (ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: ఉన్నాయి, అడిగితేనే అందుతాయి. పౌర విమానయాన డైరెక్టరేట్, అంటే డీజీసీఏ నిబంధనల ప్రకారం, ప్రయాణానికి పట్టే సమయాన్ని బట్టి రెండు నుంచి నాలుగు గంటల ఆలస్యం దాటితే వేచి ఉన్నవారికి భోజనం, ఫలహారం ఇవ్వాలి. దేశీయ సర్వీసు ఆరు గంటలకు మించి ఆలస్యమయ్యేట్టయితే మరో విమానంలో చోటు గానీ, టిక్కెట్టు సొమ్ము పూర్తిగా గానీ కోరవచ్చు. ఆలస్యం 24 గంటలు దాటినా, రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 3 లోపు బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైనా హోటల్ వసతి కల్పించాలి. యూరప్ నుంచి బయలుదేరే ప్రయాణికులకు ఇంకా బలమైన చట్టం ఉంది. అక్కడ 250 నుంచి 600 యూరోల పరిహారం ఉంటుంది, మామూలు సాంకేతిక లోపాన్ని సాకుగా చూపి సంస్థ దానిని ఎగవేయలేదని యూరప్ న్యాయస్థానం 2008లోనే తీర్పు ఇచ్చింది. మన నిబంధనలలో ఆలస్యానికి నగదు పరిహారం లేకపోవడం మాకు లోపంగానే కనిపిస్తోంది.

ప్రశ్న: లోపంతో వెనక్కి వచ్చిన విమానాన్నే నాలుగు గంటల్లో బాగుచేశామని చెప్పి, మళ్ళీ అందులోనే ఎక్కమన్నారు. ఎక్కవచ్చా? (ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ఎక్కవచ్చు. వెనక్కి వచ్చిన విమానం, పైలట్ లాగ్‌బుక్‌లో రాసిన లోపం సంగతి తేలేదాకా కదలదు. లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీరు ఆ లోపాన్ని వెతికి, భాగం మార్చి లేదా సరిచేసి, పరీక్షించి, విమానం ఎగరడానికి యోగ్యమని తన పేరుతో సంతకం చేయాలి. నాలుగు గంటలలో తేలినదంటే సాధారణంగా అది ఒక సెన్సరో, ఒక వాల్వో మార్చడంతో తీరే పని. ఇంజిన్ లోపలి భాగాలను సన్నని కెమెరా గొట్టంతో చూడవలసి వచ్చినా, అధిక బరువుతో దిగినందుకు తనిఖీ చేయవలసి వచ్చినా ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. అప్పుడు మీకు వేరే విమానమే చూపిస్తారు. కొన్ని లోపాలను సరిచేయకుండానే ఎగరనిచ్చే జాబితా ఒకటి ఉంటుంది. ఏ పరికరం పనిచేయకపోతే ఎన్ని రోజులు, ఏ షరతులతో ఎగరవచ్చో అందులో ముందే నిర్ణయించి ఉంటుంది. ఇంజినీరు సంతకం చేసిన తరువాత కూడా, ఆ లాగ్‌బుక్ చదివి విమానాన్ని తీసుకోవడానికి నిరాకరించే అధికారం కెప్టెన్‌కు ఉంది, అప్పుడప్పుడు ఆ అధికారాన్ని వాడుతుంటారు కూడా. ఏం చెడింది, ఏం మార్చారు అని మీరు ఎక్కేటప్పుడు సిబ్బందిని అడగండి; ఆ మాత్రం తెలుసుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు.